లిస్టులో చివరిది పాడేరు

శుక్రవారం, గురజాల

వెబ్ ఆప్షన్లకు రేపే ఆఖరు. మెడిసిన్ సీటుకు కాలేజీలను ఏ వరుసలో పెట్టాలో సాయంత్రం అమ్మా నేనూ మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే పోట్లాడుకున్నాం.

అమ్మది ఒకటే పట్టు. గుంటూరు, విజయవాడ, ఒంగోలు. "నీకు జరమొస్తే పొద్దున బస్సెక్కి మద్దేనానికి నీ కాడుండాల. ఇంక దూరాలొద్దు," అంది.

ఆ మూడూ నా ర్యాంకుకు అనుమానమే. అవే పెట్టి ఏదీ రాకపోతే మళ్లీ ఏడాది కోచింగ్. నా వల్ల కాదు. అందుకే ఆశపడేవి పైన, రావచ్చనిపించేవి మధ్యలో, తప్పకుండా వస్తాయనుకున్నవి కింద రాశాను. అన్నిటికన్నా కింద పాడేరు.

"ఏమే, దానికెట్టా పోవాల?"

"గుంటూరు దాకా బస్సు, అనకాపల్లి దాకా రైలు, మళ్లీ కొండెక్కే బస్సు."

అమ్మ ఒంటరిగా ఎప్పుడూ రైలెక్కలేదు. నాన్న బతికున్నప్పుడు టికెట్లు ఆయన జేబులోనే ఉండేవి. అది తెలిసీ నేను తగ్గలేదు. "దీన్ని తీసేస్తే నేను డాక్టర్ని కాకపోవచ్చమ్మా," అన్నాను.

అమ్మ తొక్కుతున్న కుట్టుమిషను ఆగింది.

"సరే, పెట్టు. యాడెక్కాలో యాడ దిగాలో వరసగా రాసియ్యి నాకు," అంది చివరికి.

గెలిచానన్న సంతోషం లేదు. నిజంగా పాడేరే వస్తే? భయంగానే ఉంది. అయినా తీయను.

పొద్దున్నే అమ్మ కోసం దారి లిస్టు రాయాలి, పెద్ద అక్షరాలతో. నాది ఆ తర్వాతే సబ్మిట్ చేస్తాను.