తట్టి చూసిన గోడ

నాన్నా, నేను కులాసా. ఉద్యోగం భద్రంగానే ఉంది, అమ్మను దిగులు పడవద్దనండి.

ఇక్కడ పాత గోదాము కూల్చి కొత్తది కడదామన్నారు. మళ్ళీ ఇటుకలు కాల్చి, సిమెంటు తయారుచేస్తే గాలిలో ఎంత కార్బన్ కలుస్తుందో లెక్కవేసి చూపించాను. పెద్ద ఇంజనీరు, "ఈ గోడలు నిలుస్తాయని నువ్వు పూచీ పడతావా?" అన్నాడు. మేస్త్రీ కూతుర్ని కదా, మీరు నేర్పినట్టే తాపీ పిడితో గోడలన్నీ తట్టుకుంటూ పోయాను. రెండుచోట్లే డొల్లగా మోగింది. తర్వాత యంత్రంతో పరీక్షిస్తే అవే రెండు చోట్లు తేలాయి. గోడలు ఉంచేస్తున్నారు!

మీ పాత తాపీ పంపండి, ఇక్కడివి చేతికి అమరడం లేదు. మన వంటింటి గోడ పడగొట్టిస్తున్నారని అమ్మ రాసింది. ముందు తట్టి చూశారా? చూడకుండా గునపం పట్టారో, ఊరుకోను.

అమ్మకు నమస్కారాలు.

మీ కూతురు, మీ శిష్యురాలు