కిటికీ దగ్గర నలభై నాలుగు

జూన్ 6

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోను నీ భార్యాబిడ్డలకు వదిలేశాను. నాకు కాగితమే నయం. ఇక్కడ అందరం కులాసా. మరదలు ఎప్పటిలాగే ఎనిమిదికల్లా బడికి బయల్దేరుతోంది. నీ కూతురు పిచ్చుకకు పై పన్ను ఊడింది. నీకు ఫొటో పంపానంది.

మన ఇంటి ఎదురుగా, రోడ్డు దాటగానే ఉన్న బీడులో డేటా సెంటర్ కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే మన ఊరి నియమాల్లో కోళ్ళ ఫారాలున్నాయి, ఇటుక బట్టీలున్నాయి. ఇది లేదు. కొత్త నియమాలు రాయడానికి ఐదుగురితో కమిటీ వేశారు. వడ్రంగి పెద్దాయన అధ్యక్షుడు. నన్నెందుకు వేశారని అడిగాను. "ఐదుగురిలో ఒక్కరైనా మాట్లాడకుండా ఉంటే మీటింగు తొందరగా అవుతుందమ్మా" అన్నాడు.

ఎత్తు, నీళ్ళు, దూరం తేలిపోయాయి. శబ్దం దగ్గర ఆగింది. భవనం ఫ్యాన్ల హోరు, అన్నిటికంటే దగ్గరున్న ఇంటి కిటికీ వద్ద, ఇప్పటి మామూలు శబ్దం కంటే ఐదు డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదని రాశాం. ఆ మామూలు ఎంతో ఎవరికీ తెలియదు. దగ్గరున్న ఇల్లు మనదే. అందుకని శబ్దం కొలిచే మీటరు తెచ్చి, నేను ప్రార్థన చేసుకునే ముందుగది కిటికీకి తగిలించారు. నెల రోజులు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అరగంట చొప్పున కొలవాలి. ఒకసారి బటన్ నొక్కి, అరగంటకు మళ్ళీ నొక్కితే సగటు చూపిస్తుంది. మూడు పూటల్లో తక్కువగా వచ్చినదే ఊరి మామూలు.

నువ్వు పనిచేసేది అలాంటి భవనంలోనే కదా. ఎలా ఉంటుందో రాయి. ఇక్కడ కడితే నిన్ను ఇక్కడికే వేస్తారని మరదలు అంటోంది. నిజమేనా?

మీ అక్క

—

జూన్ 15

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

నిజమే. దరఖాస్తు పెట్టింది మా కంపెనీయే. అక్కడ కడితే చల్లదనం చూసుకునే మెకానిక్కులు నలుగురు కావాలట. మా మేనేజరు నా పేరు పైకి పంపాడు. ఇది నీ మరదలికి తెలుసు, పిచ్చుకకు ఇంకా చెప్పొద్దు.

భవనం అంటావా, కిటికీల్లేని గోదాము అనుకో. లోపల చలి, బయట హోరు. చెవులు పగిలేంత ఉండదు గాని ఆగదు. మొదటి వారం తల నొప్పి, రెండో వారం వినబడదు, మూడో వారం అది లేనిచోట నిద్ర పట్టదు. మా గదిలో ముగ్గురం. సెలవు రోజున కరెంటు పోయి గదిలో ఫ్యాను ఆగితే ముగ్గురం ఒకేసారి లేచి కూర్చుంటాం.

ఆరేళ్ళయింది అక్కా ఈ గదికొచ్చి. మొన్న పిచ్చుక ఫోన్లో, "నాన్నా, ఈసారి వచ్చి ఎప్పుడు వెళ్ళిపోతావు?" అంది. ఎప్పుడొస్తావని అడగడం మానేసింది.

కొలత జాగ్రత్తగా చెయ్యి. జాగ్రత్త అని నీకు చెబుతున్నాను చూడు, నవ్వుకో.

నీ తమ్ముడు

—

జూలై 12

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నెల ముగిసింది. ఉదయం సగటు నలభై నాలుగు. మధ్యాహ్నం నలభై ఆరు, సాయంత్రం నలభై ఏడు. నోటుపుస్తకంలో ప్రతి అంకె పక్కన 'విశేషాలు' అని ఒక గడి గీసి ఇచ్చారు. ఉదయాల గడులు ముప్పై రోజులూ ఖాళీ. ఐదింటికి మన ఇంట్లో విశేషం ఏముంటుంది? బటన్ నొక్కి ప్రార్థనకు కూర్చుంటాను. లేచి మళ్ళీ నొక్కుతాను.

నలభై నాలుగుకు ఐదు కలిపితే నలభై తొమ్మిది. కంపెనీ కాగితాల ప్రకారం మన కిటికీ దగ్గర వాళ్ళ హోరు నలభై ఏడు. సరిపోయింది. వాళ్ళ తరఫున వచ్చే పసుపు టోపీ ఆయన నా నోటుపుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

కమిటీలో ఉన్న రిటైరైన పోస్టుమాస్టరు ఒక్కడే గొణిగాడు. "మా సందులో పొద్దున చీమ నడిచినా వినబడుతుంది. నలభై నాలుగెక్కడిది? మీ ఇంట్లో రైలేమైనా ఉందా అమ్మా?"

"మీకు చీమ వినబడిందా! మొన్న నేను గొంతు చించుకున్నా పలకలేదు" అన్నాడు వడ్రంగి పెద్దాయన. అందరూ నవ్వారు.

నెలాఖరున ఓటు. నేను అడుగుతున్నది దొరికేటట్టుంది.

అక్క

—

జూలై 19

అక్కకు,

సంతోషం. అంకెలు బాగున్నాయి. ఇక దేన్నీ కదపకండి. పని అయిపోయింది కనుక మీటరు తిరిగి ఇచ్చెయ్యి. ఊరి సొత్తు మన ఇంట్లో ఎందుకు.

తమ్ముడు

—

జూలై 28

తమ్ముడికి,

ఆశీస్సులు. మీటరు ఇచ్చేద్దామనుకున్నాను. ఒక్కసారి చూసి ఇస్తానంది పిచ్చుక. ఆదివారం పొద్దున దాన్ని చేతిలో పట్టుకుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి నా చెంగు లాగింది.

"అత్తా, నువ్వు మాట్లాడితే అంకెలు పైకెళ్తున్నాయి."

"నేను మాట్లాడటం లేదమ్మా, ప్రార్థన చేస్తున్నాను."

"అదే. పైకి చేస్తున్నావు."

"మనసులోనే."

పిల్ల నావైపు జాలిగా చూసింది. "మనసులో అయితే, నాన్నని ఇక్కడికి పంపమని అడుగుతున్నావని నాకెలా తెలుసు?"

నాకు యాభై ఆరేళ్ళు. ఇన్నేళ్ళూ మౌనంగా ప్రార్థిస్తున్నాననే అనుకున్నాను.

మర్నాడు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఒకటి. తర్వాత మూడు రోజులూ అంతే. అంటే హద్దు ముప్పై ఆరు. మీ భవనం ఆ బీడులో నిలవదు.

నిన్న కమిటీకి చెప్పాను. వడ్రంగి పెద్దాయన బల్ల అంచును వేలితో తడిమాడు. "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? వచ్చేది మీ తమ్ముడే కదా" అన్నాడు.

"అందుకే చెబుతున్నాను" అన్నాను.

పోస్టుమాస్టరు రైలు మాట ఎత్తలేదు. మంచివాడు.

మరదలికి కూడా నేనే చెప్పాను. పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. పెన్ను ఆగింది. తర్వాత మళ్ళీ దిద్దింది.

ఒక్క మాట అడుగుతాను. హోరుతోనే కదా నీ ఉద్యోగం. ఉదయం ఐదింటికి నలభై నాలుగు అని చదివినప్పుడు నీకేమీ అనిపించలేదా?

అక్క

—

ఆగస్టు 5

అక్కా,

అనిపించింది. చదవగానే తెలిసింది.

నువ్వు ప్రార్థన చేసే గది గోడకు అవతలి గదిలో పద్దెనిమిదేళ్ళు పడుకున్నాను. నాన్నకు జబ్బని మీరెవ్వరూ నాకు చెప్పలేదు. గోడ చెప్పింది. నేను పరీక్ష తప్పి దాచిపెట్టిన సంగతి నీకు తెలిసిపోయిందనీ, నాన్నతో అనకుండా ఉండే ఓర్పు అడుగుతున్నావనీ అలాగే తెలిసింది. ఆ ఏడు ఎలా చదివానో నీకు గుర్తుందా? మరి ఎందుకనుకున్నావు?

అమ్మే అంది: "దానికి చెప్పకండిరా, ఆపేస్తుంది." ఎవరమూ చెప్పలేదు. పెళ్ళయిన వారానికే నీ మరదలికీ అదే మాట చెప్పాను.

నీకు నిజం రాస్తూ రెండు ఉత్తరాలు చింపాను. మీటరు ఇచ్చెయ్యమన్న మూడోది పంపాను. ఆ మూడోదాన్ని నువ్వు పారేస్తే బాగుండును. ఇంటికొచ్చే దారి నీ గొంతే వేసి పెట్టింది, దాన్ని నా చేత్తో నేనెందుకు మూసుకోవాలి అనుకున్నాను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపం. తర్వాత అది నా మీదికే తిరిగింది.

మేనేజరు ఆ ఖాళీల జాబితా చింపేశాడు.

నీ తమ్ముడు

—

ఆగస్టు 21

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. ఓటు అయింది. ముప్పై ఆరే నిలిచింది. మూతపడిన రాళ్ళ క్వారీలో కట్టుకోవడానికి కొత్త దరఖాస్తు పెడతామని పసుపు టోపీ ఆయన అన్నాడు. ఏడాదో, రెండేళ్ళో. పెట్టకపోనూవచ్చు. ఆ మాట నీకు ముందే చెబుతున్నాను.

నిన్ను తప్పు పట్టను. నలభై నాలుగు అని రాసినప్పుడు నాకూ సంతోషమే కలిగింది. అడిగింది అడిగినట్టే దక్కబోయింది. అలా దక్కితే రోజూ ఐదింటికి ఏ ముఖంతో కూర్చుంటాను?

ఇంట్లో అందరికీ తెలుసని తెలిశాక సిగ్గేసింది. చెంగు అడ్డం పెట్టుకునే ప్రార్థన చేస్తూ వచ్చాను. మొన్న మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వదినా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఏమీ వినబడటం లేదే. ఆయన గురించి అడగడం మానేశారా?"

నేను చెంగు తీశాను. ఆమె అక్కడే కూర్చుంది.

నోటుపుస్తకం ఊరి రికార్డుల్లోకి వెళ్తోంది. తప్పు అంకెలు కొట్టెయ్యకూడదు, పక్కన కారణం రాయాలన్నాడు వడ్రంగి పెద్దాయన. మొదటి ఉదయం విశేషాల గడిలో 'ఇంటామె ప్రార్థన' అని రాసి, కింద ఇరవై తొమ్మిదింటికీ 'పైదే' అని రాశాను.

పిచ్చుక చూసింది. "ఏం ప్రార్థనో రాయలేదేం?" అని పెన్ను లాక్కుంది. ఆపేలోపు రాసేసింది. సిరా కనుక అలాగే ఇచ్చి వచ్చాను. ఇప్పుడు అది ఊరి రికార్డు: 'మా నాన్న రావాలని.'

పైకే అడుగుతూ,
మీ అక్క