మూడో వరుస, ఐదో సమాధి

ఆదోని, ఆదివారం రాత్రి

కలరా నాటి పాత సమాధుల తోటకు వెళ్లి జేజి, అదే మా నాయనమ్మ సమాధికి సున్నం వేశాను. అక్కడి రాళ్ల మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. గేటు నుంచి మూడో వరుస, ఐదోది అని అమ్మ పోయే ముందు చెబితే పుస్తకంలో రాసుకున్నాను. పదకొండేళ్లుగా ఏటా ఆ లెక్క ప్రకారమే వేస్తున్నాను.

ఈరోజు మేకలు కాసే ముసలమ్మతో ఆ లెక్క చెబితే, "పాత గేటు ఈడ కాదమ్మా, ఆ తుమ్మకంప ఎనకాల ఉండె. రోడ్డేసినప్పుడు దాన్ని మూసి ఈడ పెట్టినారు" అంది.

"మరి నేను సున్నం వేసింది ఎవరికి అవ్వా?"

"ఎవురైతేనేమి, సంబరపడింటార్లే!" అని నవ్వింది.

కంప తప్పించుకుంటూ అటు నుంచి లెక్కపెట్టాను. ఐదోచోట ఒరిగిపోయిన సిలువ ఉంది. మిగిలిన సున్నం దానికి వేశాను. అయితే అమ్మ కుడి నుంచి లెక్కపెట్టిందో, ఎడమ నుంచో...

ఇన్నేళ్లూ ఇంటి సంగతులన్నీ, మా ఆయన తాగుడు మానడంతో సహా, ఆ పరాయి సమాధి దగ్గరే చెప్పుకున్నాను. అంటే జేజికి ఏమీ తెలియదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలేమో. మరి ఆ పరాయి మనిషి వచ్చే ఏడు నా కోసం ఎదురుచూస్తే?