నడవని కాళ్ళకి పట్టీలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఇంట్లో ప్రార్థన పెట్టించాం. పాస్టరు గారు నీ గురించి చెబుతుంటే, వచ్చినవాళ్ళంతా నా పోలియో కాళ్ళే చూశారు. వికలాంగుల పెన్షన్‌లో కొంచెం కొంచెం దాచి, పక్కింటి పిన్నితో రేపల్లె నుంచి వెండి పట్టీలు తెప్పించుకున్నాను మరి.

అందరూ వెళ్ళాక వదిన అడిగింది. "నడవని కాళ్ళకి పట్టీలేంటి? మందులకీ తిండికీ అని ప్రభుత్వం ఇస్తుంటే, ఇలాగా ఖర్చుపెట్టేది?"

ఒళ్ళు మండింది. అన్నయ్య కూలి డబ్బులు ఏం చేశాడని ఎవరైనా అడుగుతారా? కానీ రోజూ నన్నెత్తి స్నానానికి తీసుకెళ్ళేది వదినే. నాట్లకి వెళ్ళి నడుం పడిపోయి వచ్చినా, ముందు నాకే అన్నం పెడుతుంది. అడిగే హక్కు తనకి లేదని ఎలా అంటాను? ఉందనీ అనలేకపోతున్నాను. నువ్వైతే పెన్షన్ నా చేతిలో పెట్టి, మారుమాట లేకుండా పనిలోకి పోయేదానివి.

"ఇంతకీ ఎందుకు కొన్నావు?" అని మళ్ళీ అడిగింది.

"సరదాకి" అన్నాను. మొహం ముడుచుకుని గేదె దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంకేం చెప్పనక్కా? నీ పట్టీల చప్పుడు విని, పొయ్యి దగ్గరున్నావో వాకిట్లో ఉన్నావో మంచం మీంచే చెప్పేదాన్ని. అవి నీ ఆస్పత్రి ఖర్చులకే అమ్మేశాం. ఏడాదిగా ఇంట్లో ఆ చప్పుడు లేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని, చేత్తో కాలు పట్టుకుని మెల్లగా కదిపాను.

నువ్వు వాకిట్లోంచి లోపలికి వస్తున్నావు.