సున్నా దాటిన బ్యాడ్జి

ల్యాబులు ఊడ్చే పెద్దమ్మగారికి,

యూనివర్సిటీ భద్రతాధికారి నమస్కారాలు. నెలాఖరున మీరు అప్పజెప్పిన రేడియేషన్ బ్యాడ్జి పరీక్షకు వెళ్ళి వచ్చింది. మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పేది అదే. మీ అంకె చూసి నాకు చెమటలు పట్టాయి. అక్కడి పరిశోధకులందరివీ కలిపినా అంత రాదు. కారణం తేలేదాకా ల్యాబుల జోలికి వెళ్ళకండి. మా ఆఫీసు గదులు ఊడవండి.

మూడు సూత్రాలు మరోసారి చెబుతున్నాను: తక్కువసేపు ఉండాలి, దూరంగా ఉండాలి, మధ్యలో అడ్డు ఉండాలి.

ఉంటాను,
భద్రతాధికారి

తా.క. ఐదేళ్ళుగా నా బ్యాడ్జిలో సున్నాయే. అందుకిచ్చిన ప్రశంసాపత్రం నా గది గోడమీదే ఉంది. ఊడ్చేటప్పుడు చూసి స్ఫూర్తి పొందగలరు.

*

ఆఫీసరు బాబుకి,

పెద్దమ్మ దండాలు. మీ ఉత్తరం చదివాక భయం పట్టుకుంది. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులైంది. ఇంకా కళ్ళు సరిగా తెరవని పసిగుడ్డుకి నా వల్ల ఏమైనా అయితే నేను బతకను. అందుకే మీ సూత్రాలు ఇంట్లో కూడా పాటిస్తున్నాను. గుమ్మం అవతల నిలబడి, రోజుకి ఒక్క నిమిషం, వంటింటి పళ్ళెం అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. పాప జుట్టు మాత్రం కనబడుతోంది. మా అల్లుడు నాకు మతి పోయిందని తేల్చేశాడు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. పళ్ళెం స్టీలుది. చాలదంటే ఇత్తడిది తెచ్చుకుంటాను.

*

పెద్దమ్మగారికి,

అయ్యో! ఆ సూత్రాలు ల్యాబులో ఉండే పదార్థాల గురించి, మీ గురించి కాదు. దయచేసి పళ్ళెం దించండి. అయినా అనుమానం ఉంచుకోకూడదు కనుక రేపు మా వాళ్ళు మీటరుతో మీ ఇంటికి వస్తారు. కంగారు పడకండి.

భద్రతాధికారి

తా.క. బ్యాడ్జి మెడలోంచి ఎప్పుడెప్పుడు తీశారో నిజం రాయండి.

*

ఆఫీసరు బాబుకి,

కంగారు పడొద్దని రాసి, తల నుంచి కాళ్ళదాకా తెల్ల తొడుగులేసిన ఇద్దరిని పంపుతారా? వీధి వీధంతా మా గుమ్మం ముందే. ఎదురింటావిడ పాలగిన్నె పొయ్యి మీద వదిలేసి మరీ వచ్చింది. మీటరు నా చేతుల మీదా బట్టల మీదా తిప్పి "ఏం లేదమ్మా" అన్నారు. "ఏం లేకపోతే ముసుగులెందుకు నాయనా?" అంటే మీటరు సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. అందుకే నేను పళ్ళెం దించలేదు.

ఇక నిజం. బ్యాడ్జి మెడలో ఎక్కడ వేసుకుంటాను బాబూ? వంగితే బకెట్లో పడుతోంది. పోతే నాదే బాధ్యతని సంతకం పెట్టించుకున్నారాయె. అందుకని నెలంతా పద్నాలుగో గదిలో, పసుపు గుర్తున్న ఇనప బీరువా పిడికి తగిలించి ఉంచాను. ఆ గుర్తు చూస్తే దొంగ కూడా చెయ్యి పెట్టడు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. పాప నవ్విందట. పళ్ళెం అడ్డొచ్చి చూడలేదు.

*

పెద్దమ్మగారికి,

మీరు చల్లగా ఉండాలి! రేడియేషన్ పదార్థాలన్నీ ఆ బీరువాలోనే ఉంటాయి. నేనే స్వయంగా పద్నాలుగో గదికి వెళ్ళి చూసి వచ్చాను. నెలంతా రాత్రీపగలూ డ్యూటీ చేసింది మీ బ్యాడ్జి, మీరు కాదు. మీతో పాటు ఊడ్చేవాళ్ళ బ్యాడ్జిలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇంకో మాట. దీపం దగ్గర కూర్చున్న మనిషి దీపమైపోడు కదా, ఆ బీరువా దగ్గర నిలబడ్డ మనిషీ అంతే. ముందు పాపనెత్తుకోండి. రేపటినుంచి ల్యాబులకి రండి.

ఇక మీదట బ్యాడ్జిని జేబుకి పిన్నుతో పెట్టుకోండి. బ్యాడ్జి లేకుండా ల్యాబులో అడుగు పెట్టినవాళ్ళు ఎవరైనా, ఎంతటివారైనా సోమవారం జరిగే భద్రతా క్లాసులో మళ్ళీ కూర్చోవాల్సిందే. మీరు కూడా.

భద్రతాధికారి

*

ఆఫీసరు బాబుకి,

పళ్ళెం వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపనెత్తుకున్నాను. ఒళ్ళోకి తీసుకోగానే నా వేలు పట్టుకుని వదల్లేదు. ఏడుపొచ్చేసింది బాబూ. మా అమ్మాయి కూడా ఏడ్చింది. అల్లుడు మాత్రం పళ్ళెం కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సోమవారం క్లాసుకి తప్పకుండా వస్తాను. తప్పు నాదే.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఈ పూట మీ గది చివరిసారి ఊడుస్తూ, దుమ్ము దులుపుదామని ప్రశంసాపత్రం కిందికి దించాను. వెనకాల మేకుకి మీ బ్యాడ్జి వేలాడుతోంది, చుట్టూ సాలెగూడు. మరి పద్నాలుగో గదికి ఏ బ్యాడ్జితో వెళ్ళి వచ్చారు బాబూ? నాది నెలంతా బీరువా సంగతి చెబితే, మీది ఐదేళ్ళూ గోడ సంగతి చెప్పింది. తుడిచి మీ కోటు జేబుకి పిన్నుతో పెట్టాను. సోమవారం నా పక్క కుర్చీ మీకోసం ఆపి ఉంచుతాను.