నాయనమ్మ దగ్గు

గద్వాల,
14-2-1993

చి. రేణుకకు నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ మనుషులమూ, మగ్గాలూ క్షేమం. పట్నంలో నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను.

దేశమంతటికీ ఒకే వైద్య బీమా ఉండి, అందరి ఖర్చూ ఒకే ఖజానా చెల్లిస్తే మంచిదేనా అని అడిగావు. మెడికల్ కాలేజీలో వాదించాలన్నావు. దేశం సంగతి నాకు తెలియదు. మన వీధి నలభై రెండు మగ్గాలకూ కలిపి ఉన్న వైద్యనిధి సంగతి చెప్తాను, దాని పెద్దను నేనే కనుక.

పూర్వం జబ్బు చేస్తే, సేటు చీర నేయమని ఇచ్చిన పట్టునే కుదువ పెట్టేవారు. ఇప్పుడు నెలనెలా అందరం వేసే చందాలోంచి నిధే కడుతుంది, ఆ అవస్థ లేదు. ఎవరి దగ్గర ఎంతుందని దవాఖానలో ఎవరూ అడగరు. అందరి తరఫునా నిధి ఒక్కటే బేరమాడితే డాక్టరు ఫీజు పదిహేను రూపాయల నుంచి పదికి దించాడు.

కానీ ఉన్నది ఒకే నిధి. అది ఆగమంటే ఆగాల్సిందే, వేరే గుమ్మం లేదు. మూడు నెలలకు ఒక్క కంటి ఆపరేషన్, వంతులు మార్చుకోరాదు అని నియమం రాసింది నేనే. దసరాకి మన వీధి సాయన్నకు చూపు మందగించింది. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట పోగులు కనబడక మగ్గం ఆపేశాడు. అతని ముందు వంతు మరొకరిది.

ఆ మరొకరు నేనే. నీకు దాచాను. చేయి నొప్పి అని చెప్పి ఆరు నెలలుగా ఉత్తరాలు మల్లమ్మ కూతురితో రాయించింది కూడా చూపు లేకనే. నేను రాసిన నియమం నేనే మార్చడానికి పంతం అడ్డొచ్చింది. దగ్గుంటే కంటి ఆపరేషన్ చేయరు కనుక, ఆ రోజున దగ్గొచ్చిందని అబద్ధమాడి పడుకున్నాను. వంతు నా తర్వాతి సాయన్నకు పోయింది.

అతని భార్య మల్లమ్మ మర్నాడే వచ్చింది.

"పెద్దమ్మా, నీకు దగ్గు యాడిదే? పొద్దంత మమ్ముల తిడ్తనే ఉంటివి, ఒక్కపారి సుత దగ్గకపోతివి!"

"నోర్ముయ్యవే."

"మూస్త గని, జర ఏడ్వనియ్యి."

ఏడుస్తూ నవ్వింది. నిధి మీటింగులో అంతా బయటపెట్టింది. ఇక నెలకో ఆపరేషన్, ఎక్కువ అవసరమున్నవారే ముందు అని తీర్మానించారు. అబద్ధానికి నాకు ఐదు రూపాయల జరిమానా. అంత సంతోషంగా ఏ డబ్బూ కట్టలేదు.

నీ వాదనలో ఇది చెప్పు: ఖజానా ఒకటే ఉండనీ, కానీ దాని తాళం పట్టుకున్నవాళ్లను వరుసలో నిలబడ్డవాళ్లు నిలదీయగలగాలి.

జనవరిలో నా ఆపరేషన్ అయింది. కళ్లద్దాలు నిన్న వచ్చాయి. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. నువ్వు పంపిన ఫోటో ఇవాళే చూశాను. పాపిట వంకరగా ఉంది. సరిచేసుకో.

ఇట్లు,
నిన్ను కళ్లారా చూసుకున్న మీ నాయనమ్మ
సుగుణమ్మ