నిప్పు లోపలివైపు

నాయనమ్మా,

ఈ ఎండలకు పక్కూరి మిరప కల్లాలు తగలబడ్డాయి. ఇకమీదట కల్లాల దగ్గర ఎవరూ చుట్ట, బీడీ కాల్చకూడదని మన ఊళ్లో మైకులో చెప్పారు. "నా కల్లం, నా చుట్ట. చెప్పడానికి మీరెవర్రా?" అని బాబాయి ఎగిరాడు.

నాకు నువ్వే గుర్తొచ్చావు. ఇంట్లో మామూలుగానే కాల్చేదానివి. కల్లంలో అడుగుపెట్టేముందు మాత్రం, రవ్వ ఎగరకుండా చుట్ట తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేదానివి. నోరు కాలదా అంటే, "కాలితే నా నోరేగా, ఊరి కాయలు కాదుగా" అనేదానివి.

బాబాయికి ఆ మాటే గుర్తుచేశాను. చుట్ట జేబులో పెట్టుకున్నాడు.

ఇవాళ నీ సంవత్సరీకం. కాయలు వదిలి ఇంటికి రాలేక నీ ఫొటో కల్లానికే తెచ్చుకున్నాను. దాని ముందు నీ చుట్ట పెట్టాను గానీ వెలిగించలేదు. కోప్పడకే. నిప్పు లోపలివైపే ఉందనుకో.